గడ్డం మేనల్లుడికి ఏమి కొనివ్వాలి?

క్రిస్మస్ సెలవులు మొదలైతే చాలు, సంక్రాంతి దాకా మా హిందూపురంలో ఇంటికొక బెంగుళూరు మనిషి దిగుతాడు. వంద కిలోమీటర్ల దూరమే కాబట్టి మామూలు శనాదివారాల్లోనూ వచ్చి పోతుంటారు గానీ, అప్పుడు తిరుగు రైలు మీదే ధ్యాస. ఏడాది చివర వచ్చేవాళ్ళు నాలుగు రోజులు నిలబడి ఉంటారు. పోయేటప్పుడు ఉత్త చేతులతో పంపడానికి మనకు మనసొప్పదు. చిక్కంతా అక్కడే.

ఎందుకంటే వీళ్ళలో ఒక రకం ఉంది. మా మేనల్లుడు ఆ రకమే. గుండెల దాకా గడ్డం, భుజాన నూలు సంచి, కాళ్ళకు తోలు చెప్పులు. కాఫీలో పాలు వద్దంటాడు, చక్కెర వద్దంటాడు, ఆ గింజ ఏ కొండమీద కాసిందని మాత్రం అడుగుతాడు. ఫోన్లో మూడు కెమెరాలు ఉండగా రీలు వేసే కెమెరా ఒకటి మెడలో వేలాడుతుంటుంది. పాటలు గ్రామఫోను రికార్డు మీదే వినాలంటాడు. ఇంగ్లీషు పత్రికలు ఈ జాతికి హిప్‌స్టర్లని పేరు పెట్టాయి. మా వీధిలో తిక్కలోడంటారు. ప్రేమగానే అంటారు లెండి.

కానుకల విషయంలో మన తెలుగువాళ్ళకు బెంగే ఉండేది కాదు. పెళ్ళయితే చదివింపులు. ఎవరెంత ఇచ్చారో మైకులో చదివేస్తారు, నోటుబుక్కులో రాసుకుంటారు, రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి లెక్క చూసుకుని అంతే తిరిగి చదివిస్తారు. వస్తువే ఇవ్వాలంటే స్టీలు బిందె, గోడ గడియారం, ఆరు గాజు గ్లాసుల సెట్టు. ఆ గ్లాసుల సెట్టుకి ఒక గుణముంది. దాన్ని ఎవరూ విప్పరు. పైన కాగితం మార్చుకుంటూ ఒక గృహప్రవేశం నుంచి ఇంకో గృహప్రవేశానికి పోతూ ఉంటుంది. ఏదో ఒక రోజు తన సొంతింటికే తిరిగొచ్చినా ఎవరికీ ఆశ్చర్యం ఉండదు.

గడ్డం మేనల్లుడికి ఇవేవీ పనికిరావు. కొట్లో దొరికేది ఏదిచ్చినా "బాగుంది మామా" అంటాడు. ఆ అనడంలోనే తెలిసిపోతుంది, అది సంచిలోకి పోదని. చేతికి డిజిటల్ గడియారం కొనిద్దామంటే, వాడు పెట్టుకునేదే తాళం ఇచ్చే హెచ్‌ఎంటీ జనతా. బెంగుళూరులో 1961లో మొదలై 2016లో మూతబడిన ఆ కంపెనీ గడియారాల విభాగం చేసినవాటిని మనం బీరువాలో పడేసి మర్చిపోయాం. ఇప్పుడు కుర్రాళ్ళు వాటికోసం పాత సామాన్ల అంగళ్ళలో వెతుకుతున్నారు. మా బావ తన జనతాను వాడికిచ్చి, "ఇది నిలబడిపోయిందిరా" అన్నాడు. "నిలబడిందే కావాలి మామా, బాగు చేయించుకుంటా" అన్నాడు వీడు. చేయించుకున్నాడు కూడా. ఇప్పుడది రోజుకు కొంచెం వెనకబడుతుందట. అదీ ముచ్చటేనట.

అప్పటినుంచి ఈ జాతి లెక్క నాకు కొంత పట్టుబడింది. మనం ఏది వదిలించుకోవడానికి ఇన్నేళ్ళు కష్టపడ్డామో అదే వీళ్ళకు కావాలి. రోలు వదిలించుకుని మిక్సీ తెచ్చుకున్నాం. వీళ్ళకు రోలు కావాలి. మా ఎదురింటివాళ్ళ కోడలి స్నేహితురాలు ఒకామె, పెరట్లో కోడిపిల్లలు నీళ్ళు తాగే రోలును చూసి ముచ్చటపడి, రైల్లో తీసుకుపోవచ్చా అని అడిగింది. అది లేపాలంటేనే ఇద్దరు మగవాళ్ళు కావాలి. సంగటి వదిలి సన్నబియ్యానికి వచ్చాం. వీళ్ళు సంగటికి పోతున్నారు. నవ్వొస్తుంది. కొంచెం కోపం కూడా వస్తుంది. గతిలేక తిన్న సంగటిని సరదాకి తినేవాళ్ళను చూస్తే మా పెద్దవాళ్ళకు ఏమనిపించేదో.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ దాటి, ధర్మవరంలో దిగితే ఆ దారి పొడవునా వీళ్ళకు కావలసిన సరుకే ఉంది. మాకు ఏళ్ళ తరబడి కరువు ఎక్కువ, డబ్బు తక్కువ. పాతవాటిని మార్చుకునే స్తోమత లేక చాలా మిగిలిపోయాయి. అందుకే ఈ తిక్కలోళ్ళకు కానుక వెతకాలంటే మాకు ఆన్‌లైన్ అంగడి అక్కరలేదు.

మొదట నిమ్మలకుంట చెబుతాను. ధర్మవరం మండలంలో ఉంది. తోలుబొమ్మలు చేసే ఊరు. అక్కడి కళాకారుల ఇళ్ళ ముందు మేకతోళ్ళు మేకులు కొట్టి, నాలుగువైపులా లాగి ఎండబెట్టి ఉంటాయి. తోలును వేడినీళ్ళలో నానేసి, బొచ్చూ కొవ్వూ గీకేసి, బిగించి ఆరేస్తే అది పలచబడి, ఎండలోకి ఎత్తితే వెలుగు ఇవతలికి వచ్చేటట్టు తయారవుతుంది. అప్పుడు దానిమీద గీత గీస్తారు. ఆ తర్వాత ఉలి పని. నేను కళ్ళార్పకుండా చూసింది ఆ పనే. ఇంటి వసారాలో ఒకామె కూర్చుని, తోలు కింద కొయ్యదిమ్మె పెట్టుకుని, సన్న ఉలిని నిటారుగా నిలబెట్టి, పైన ఒక్క దెబ్బ వేస్తుంది. బియ్యపుగింజంత తోలు ఊడిపడుతుంది. మళ్ళీ ఉలి జరుగుతుంది, మళ్ళీ దెబ్బ. ఒక ఉలికి గుండ్రని చిల్లు, ఇంకోదానికి నెలవంక, ఇంకోదానికి చుక్క. సీతమ్మ వడ్డాణం మొత్తం ఇట్లా చిల్లులతోనే పుట్టింది. పక్కనుంచి చూస్తే అక్కడ ఏమీ లేదు, తోలు ఊడిపోయిన ఖాళీలే. వెనక దీపం పెడితే ఆ ఖాళీలన్నీ నగలు. బొమ్మకు రంగులు రెండువైపులా వేస్తారు, దీపం అవతలున్నా ఇవతలికి నిండుగా కనబడాలి కదా. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా కోసి దారంతో కీళ్ళు కడతారు. మధ్యలో ఒక బద్ద, చేతులకు పుల్లలు. అంతే, హనుమంతుడు లంకకు పోవడానికి సిద్ధం.

ఈ కళాకారుల కుటుంబాలవాళ్ళు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటారు, తెర వెనక తెలుగులో రామాయణం పాడతారు. ఎప్పుడో మహారాష్ట్ర వైపునుంచి వచ్చిన వాళ్ళు. పూర్వం ఊరూరా తిరిగి రాత్రంతా ఆడేవారు. వాన రాకపోతే తోలుబొమ్మలాట కట్టించడం మా సీమలో ఒక నమ్మకం. సినిమా వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది, పిలిచేవాళ్ళు తగ్గారు. బొమ్మలు పెట్టెల్లోకి పోయాయి. అప్పుడు వీళ్ళు దీపాల తొడుగులు చేయడం మొదలుపెట్టారు. అదే తోలు, అదే ఉలి, అవే రంగులు. బల్బు చుట్టూ గుండ్రంగా కుట్టి, ఇంటి మూలన నిలబెట్టే లాంతరు చేసేశారు. లేపాక్షి అంగళ్ళలో పెట్టి అమ్మేది ఎక్కువగా వాటినే. హిందూపురం పక్కనున్న మా లేపాక్షి ఊరి పేరే ప్రభుత్వం ఆ అంగళ్ళకు పెట్టుకుంది. గుడి చూడనివాళ్ళకు కూడా ఆ బోర్డు తెలుసు. 2020లో నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది. మా జిల్లా పేపర్లన్నీ ఆయన బొమ్మ వేసుకున్నాయి. ఆటకు పిలవడం మాత్రం దానివల్ల ఏమంత పెరిగినట్టు లేదు.

ఆ తోలు లాంతరంటే నాకు మొదట్లో చిరాకుగా ఉండేది. రాత్రంతా యుద్ధం చేయాల్సిన రాముడు బల్బు చుట్టూ చుట్టుకుని, ఏ కాఫీ హోటల్ మూలనో కదలకుండా నిలబడాలా అని. ఈ మాట నేను నిమ్మలకుంటలోనే ఒక పెద్దాయనతో అన్నాను. ఆయన ఉలి ఆపకుండానే జవాబు చెప్పాడు. "ఆటకు పిలిస్తే ఆడతాం సామీ. పిలిచేవాళ్ళు యాడున్నారు? ఈ లాంతరు కొనేవాళ్ళు ఉండబట్టే కదా మా పిల్లోళ్ళు ఉలి పట్టుకునింది. ఉలి ఉంటే బొమ్మ ఎప్పుడైనా చేయొచ్చు." దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఇప్పటికీ లేదు. ఆటను వదిలేసినవాళ్ళం మనమే. లాంతరు కొని ఆ ఇళ్ళల్లో ఉలి చప్పుడు ఆగకుండా చూసినవాళ్ళు ఈ గడ్డాలవాళ్ళూ, వాళ్ళకు ముందు ఢిల్లీ హస్తకళల సంతల్లో కొన్న పరాయి ఊళ్ళవాళ్ళూ. వాళ్ళ సరదాను ఎక్కిరించే హక్కు మనకు అంతగా లేదు.

అయినా మేనల్లుడికి మాత్రం లాంతరు కొనొద్దు. అది వాడి స్నేహితులందరి ఇళ్ళల్లో ఇప్పటికే ఉంది. వాడికి ఇవ్వాల్సింది జుట్టుపోలిగాడు. రాముడూ సీతా ఎవరైనా కొంటారు. కథ మధ్యలో దూరి, బూతులూ వేళాకోళాలూ కలిపి, నిద్రపోతున్న జనాన్ని లేపే పని జుట్టుపోలిగాడిది, బంగారక్కది. తెరమీద రావణుడు గర్జించేసి పోగానే వీళ్ళిద్దరూ వచ్చి ఊరి కరణాన్నీ, అప్పులోణ్ణీ, అత్తాకోడళ్ళనూ ఉతికి ఆరేస్తారు. కీళ్ళు కదిలే బొమ్మగా, పుల్లలతో సహా చేయించండి. అద్దం చట్రంలో బిగించొద్దని మరీ చెప్పండి. తెల్ల దుప్పటి ఒకటి, వెనక బల్బు ఒకటి ఉంటే అపార్టుమెంటు గోడమీద కూడా ఆడుతుంది. రీలు కెమెరాతో ఫోటోలు తీసే చేతికి బొమ్మ ఆడించడం ఎంతసేపు? ముందుగా చెప్పి చేయించుకోవాలి. ఎల్లుండి రైలుందని ఇవాళ పోతే పని కాదు.

నిమ్మలకుంటలో చిల్లులు చూసిన కంటితోనే ధర్మవరం పోయి మగ్గం చూడండి. అక్కడా చిల్లులే. ధర్మవరం పట్టు గురించి తెలుగువాళ్ళకు నేను చెప్పాల్సింది లేదు. వెడల్పు అంచు, జరీ పైట, ఒకవైపునుంచి ఒక రంగు, ఇంకోవైపునుంచి ఇంకో రంగు కొట్టే నేత. చీరకే కాకుండా పావడాకు కూడా భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు అది. పట్టుచీర మేనల్లుడి కోసం కాదనుకుంటాం. నేను చెప్పేది చీర గురించి కాదు. మగ్గం పైన వేలాడే అట్టల గురించి.

జాకార్డు మగ్గం మీద అట్టముక్కల దండ ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఒక్కో అట్టకు వరసగా చిల్లులు. నేతగాడు కాలితో తొక్కగానే ఒక అట్ట వచ్చి సూదుల వరసకు ఆనుకుంటుంది. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, ఆ సూది తాలూకు పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కు పోతుంది, పోగు కిందే ఉండిపోతుంది. నాడె ఇటునుంచి అటు పోతుంది. టక్కున ఇంకో అట్ట. ఇట్లా ఒక్కో పేకపోగుకు ఒక్కో అట్ట చొప్పున మామిడిపిందె, హంస, ఏనుగు చీరమీద నిలబడతాయి. డిజైను మారితే ఆ దండ దించేసి ఇంకోటి తగిలిస్తారు. దించినవి మూలన పడి ఉంటాయి, చెదలకో పొయ్యికో పోతాయి. ఇప్పుడు అట్టల బదులు కంప్యూటరుతో నడిచే జాకార్డులు కూడా వస్తున్నాయి కాబట్టి మూలన పడేవి ఇంకా ఎక్కువవుతాయి.

ఆ పాత అట్టలదండ అడగండి. నేతగాడికి దాంతో పనిలేకపోతే ఇచ్చేస్తాడు. ఊరికే మాత్రం తీసుకోవద్దు. కంప్యూటరు పని చేసుకునే మేనల్లుడికి ఇంతకంటే తగిన కానుక నాకు తోచలేదు. ఫ్రాన్సులో లియోన్ పట్టు నేతగాళ్ళ ఊళ్ళో జోసెఫ్ మరీ జాకార్డు 1804లో ఈ యంత్రాన్ని తయారుచేశాడు. 1839లో ఆయన బొమ్మనే ఆ మగ్గం మీద పట్టులో నేశారు. దానికి 24,000 అట్టలు పట్టాయి. లండన్‌లో చార్లెస్ బాబేజీ ఆ పట్టు బొమ్మ ఒకటి సంపాదించి ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించేవాడు. లెక్కలు చేసే తన యంత్రానికి హుకుములు కూడా ఇట్లాంటి చిల్లుల అట్టలమీదే ఇవ్వాలని ఆయన అనుకున్నాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు గానీ, అట్ట నిలిచింది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. ఆ తర్వాత ఆయన పెట్టిన కంపెనీ కొన్నింటితో కలిసి ఐబీఎం అయింది. మన మేనల్లుళ్ళకు జీతాలిచ్చే వ్యాపారానికి ముత్తాత ధర్మవరంలో ఒక నేతగాడి ఇంటి మూలన దుమ్ముపట్టి ఉన్నాడు. చిల్లుంటే ఒకటి, లేకుంటే సున్నా. మా మేనల్లుడికి ఇది చెప్పినప్పుడు వాడు చాలాసేపు ఆ అట్టను కిటికీకి అడ్డంపెట్టి చూశాడు. "బాగుంది మామా" అనలేదు.

చీర మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. మేనల్లుడికి కాదు, మేనకోడలికి. మా వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం, జరీచీరలు కొంటాం" అని అరుచుకుంటూ తిరిగేవాళ్ళు మీ వీధిలోనూ తిరుగుతుంటారు. జరీని కరిగించి వెండి తీసుకోవడానికి. అమ్మమ్మ పెళ్ళిచీరను ఆ తక్కెడలో పెట్టకండి. మీరు కట్టరు, నిజమే. ఈ కాలం పిల్లలు కడతారు, జాకెట్టు బదులు చొక్కా వేసుకుని కడతారు, చూడ్డానికి మనకు అదోలా ఉంటుంది, ఉండనివ్వండి. కొత్తది కొనాలంటే మాత్రం మగ్గం దగ్గరకు పోయి కొనండి. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలు కేటాయించడానికి 1985లో పార్లమెంటు చట్టమే చేసింది. అంచూ పైటా డిజైనుతో నేసే పట్టుచీర వాటిలో ఒకటి. అయినా మరమగ్గాల నకళ్ళు బజారునిండా ఉన్నాయి, ధర్మవరం పేరుతోనే.

హిందూపురం నుంచి ఇవ్వడానికి పెద్దగా అందచందాలున్న వస్తువేమీ లేదు. మాది వ్యాపారపు ఊరు. చింతపండు ఉంది. మా మార్కెట్ యార్డులో చింతపండు రెండు రకాలుగా పలుకుతుంది, కరిపులి, ఫ్లవర్. కరిపులి ధర ఎప్పుడూ పైనే. కాఫీ గింజ ఏ కొండదని అడిగేవాడు చింతపండు ఏ యార్డుదని ఎందుకు అడగకూడదు? కిలో కరిపులి కొత్తకుండలో పెట్టి, మూతిమీద గుడ్డ కట్టి ఇవ్వండి. ఏడాదిపాటు రసం పెట్టుకున్న ప్రతిసారీ తలుచుకుంటాడు. లేదంటే పట్టుగూళ్ళ మార్కెట్‌కు పోయి, చిల్లుపడి దారం తీయడానికి పనికిరాని గూళ్ళు గుప్పెడు తీసుకోండి. కొరియా, జపాన్ ఆడవాళ్ళు ఆ గూడును నీళ్ళలో తడిపి ముఖం రుద్దుకుంటారు. అక్కడ అందమైన డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. మన రైతులకు ఈ సంగతి చెబితే నమ్మరు. నమ్మించాల్సిన అవసరం త్వరలో వస్తుందేమో, ఎందుకంటే కొరియావాళ్ళు మా పక్కనే ఉన్నారు.

పెనుకొండ సంగతి అది. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు హంపీ వదిలి, రాజధానిని ఈ కొండకిందికే తెచ్చుకున్నాడు. గగన్ మహల్ ఇంకా నిలబడి ఉంది. కోటగోడల రాళ్ళు ఊరంతా ఉన్నాయి. మా చిన్నప్పుడు పెనుకొండ అంటే ఆ కోట, బాబయ్య దర్గా, ఎండ. 2019లో పక్కనున్న ఎర్రమంచిలో కియా కార్లు రావడం మొదలయ్యాక జాతీయ రహదారి పొడవునా కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. బెంగుళూరులో క్యూ కట్టి తినే కొరియా తిండి పెనుకొండ దారిలో దొరుకుతుందంటే మా మేనల్లుడి స్నేహితులు నమ్మలేదు. పెనుకొండలో కొనడానికి నేను ఏమీ చెప్పను. వాణ్ణి పొద్దున్నే కొండెక్కించండి. పైనుంచి చూస్తే ఒకపక్క రాయల కోట, ఇంకోపక్క ఏడాదికి లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ కనబడతాయి. రీలు కెమెరాకు అంతకంటే మంచి మేత దొరకదు. ఖర్చు లేదు, సంచి బరువెక్కదు.

పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ చెన్నేకొత్తపల్లి ఉంది. అక్కడ 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్ళు బీడుపడిన గుట్టలమీద చెట్లు తెప్పించారు, రైతుల చేత మళ్ళీ కొర్రలూ అరికెలూ వేయించారు. వేరుశనగ వచ్చాక మా వైపు చిరుధాన్యాలు ఎట్లా మాయమయ్యాయో చూసినవాళ్ళకు అది చిన్న పనేమీ కాదని తెలుసు. ఆ కొర్రబియ్యం ఇప్పుడు బెంగుళూరు అంగళ్ళలో దొరుకుతుంది, గడ్డాలవాళ్ళే ఎక్కువగా కొంటారు. మనవాళ్ళు పండించింది వాడు అక్కడ కొనుక్కోగలడు కాబట్టి కానుక జాబితాలో దానికి చోటు అక్కరలేదు. తింటున్నాడు, చాలు.

కంబళికి మాత్రం చోటుంది. కురుబవాళ్ళు నేసేది. సొంత గొర్రెల బొచ్చు, చేత్తో వడికిన దారం, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచిన నేత. నల్లగా, గరుగ్గా ఉంటుంది, ఒళ్ళు గీరుకుంటుంది. కొత్తలో వాసన కూడా ఉంటుంది. వానలో మడిచి తలమీద ముసుగు వేసుకుంటే గొర్రెలకాపరికి అదే గొడుగు, రాత్రి అదే పరుపు, పెళ్ళిలో అదే పీట. బెంగుళూరు ఫ్లాటులో వాడు దాన్ని నేలమీద పరిచి కుక్కను పడుకోబెడతాడేమోనని మీకు అనుమానం రావచ్చు. రానివ్వండి. కుక్క అయినా వెచ్చగా పడుకుంటుంది. చేసినవాడికి డబ్బు అందింది కదా.

ఆ డబ్బు దగ్గరే మన పద్ధతి కొంచెం మారాలి. గడ్డం మేనల్లుడు మగ్గం దగ్గరికి పోయి, ధర అడిగి, మారుమాట లేకుండా ఇస్తాడు. మనం వెనకనుంచి వాడి చొక్కా లాగుతాం, "నేను మాట్లాడతానుండు" అని. పెద్ద మాల్‌లో ధర చీటీ చూసి నోరెత్తని మనం, పది రోజులు ఉలి పట్టుకుని చేసిన బొమ్మ దగ్గర రెండువందలు తగ్గించమంటాం. తగ్గిస్తారు, ఎందుకంటే ఆ రోజు ఇంకో గిరాకీ వస్తుందో రాదో వాళ్ళకు తెలియదు. ఈ ఒక్క విషయంలో నేను తిక్కలోడి పక్షమే.

ఇన్ని చెప్పాక నా సొంత ఎంపిక ఏదంటే, వస్తువే కాదు. ఈ ఏడాది చివరి రాత్రి మిద్దెమీద డీజే పెట్టించడానికి మా వీధి కుర్రాళ్ళు చందా వసూలు చేస్తున్నారు. మీ వీధిలోనూ చేస్తుంటారు. ఆ డబ్బుతో ఒక తోలుబొమ్మలాట కట్టించవచ్చు. తెరా బొమ్మలూ వాళ్ళే తెచ్చుకుంటారు, హార్మోనియం, మద్దెల, తాళాలు వాళ్ళవే. మనం చూసుకోవాల్సింది గుంజలు పాతే జాగా, కరెంటు, భోజనం, అడిగినంత పారితోషికం. బెంగుళూరు నుంచి వచ్చే మేనల్లుడికి వాడి స్నేహితులందరినీ తీసుకురమ్మని చెప్పండి. సుందరకాండ అడగండి, లంక తగలబడేటప్పుడు తెర ఎర్రబడుతుంది, పిల్లలు కూడా నిద్రపోరు. ఇప్పుడే ఎవరినైనా నిమ్మలకుంట పంపి అడ్వాన్సు ఇప్పించండి. వాన సంగతి ఎట్లున్నా, ఆ రోజుకు వాళ్ళకు పని ఉంటుంది.